నాటకాల హాలు సీట్లు

ఆ వీధి మలుపులో కార్లకీ బస్సులకీ సీట్లు కుట్టే కొట్టు ఒకటుంది. కొట్టు అన్నయ్యది, మిషను మీద చెయ్యి చెల్లెలిది. ఏ గుడ్డ బాగుంటుందని అడిగినా, ఎప్పటికి ఇస్తారని అడిగినా ఆవిడ నోట ఒకటే మాట: "అన్నయ్యని అడిగి చెప్తాను." స్పాంజి తెచ్చి పడేసే ముసలాయన ఆవిడకి 'అడిగిచెప్తా' అని పేరే పెట్టేశాడు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, నవ్వి ఊరుకునేది.

అలాగని అన్న ఆవిడ నోరు నొక్కిందేమీ లేదు. తండ్రి పోయాక ఇంటి బరువంతా నెత్తిన వేసుకున్నాడు. చెల్లెలి చదువు దగ్గర్నుంచి కళ్లజోడు దాకా అన్నీ తనే ఎంచాడు. ఆవిడకీ అది హాయిగానే ఉండేది. కళ్లజోడు ముక్కు మీంచి జారితే అన్నయ్య ఎంపిక అలా ఏడిసిందని సణుక్కోవచ్చు. తన మీదకి ఏదీ రాదు.

ఒకరోజు అన్న అత్తవారి ఊరు వెళ్లినప్పుడు నాటకాల హాలు మేనేజరమ్మ కొట్లోకి వచ్చింది. హాల్లో కుర్చీలన్నీ చిరిగి స్పాంజి బయటపడుతోందట. కొత్త నాటకం మొదలయ్యేలోగా రెండు వందల కుర్చీలకీ ఎర్ర వెల్వెట్ వేయాలి.

"మీరు చేస్తారా, అవతలి కొట్టుకి వెళ్లమంటారా?"

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఫోను కూడా తీసింది. అన్న ఏమంటాడో తెలుసు: "మనకెందుకే అంత పెద్ద పని." అప్పుడు తను కాదని చెప్పేసి, సాయంత్రం దాకా అన్నని తిట్టుకుంటూ కూర్చోవచ్చు. ఆ హాయి మీద ఆవిడకి మొదటిసారి వెగటు పుట్టింది. ఫోను పక్కన పెట్టేసింది.

"చేస్తానండీ," అంది.

మేనేజరమ్మ వెళ్లిందో లేదో, టేపు మెడలో వేసుకుని హాలుకి పరుగులాంటి నడకతో బయల్దేరింది. ఖాళీ హాల్లో కుర్చీలు కొలుస్తుంటే ఎప్పటిదో పాట దానంతటదే నోట్లోకి వచ్చింది.

అన్న తిరిగొచ్చేసరికి బల్ల నిండా ఎర్ర గుడ్డే.

"ఎవర్నడిగి ఒప్పుకున్నావే?"

"ఎవర్నీ అడగలేదన్నయ్యా. నేనే ఒప్పుకున్నా."

ఆయన చెల్లెలి మొహంలోకి చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

మొదటి నాలుగు వరసలు బిగించాక మేనేజరమ్మ దీపాలన్నీ వేసింది. కొన్ని కుర్చీలు మెరుస్తున్నాయి, కొన్ని నల్లబడ్డట్టున్నాయి. అన్న ఆవిడ చెవిలో, "గుడ్డే అలా వచ్చిందని చెప్పేద్దాం. నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంటా," అన్నాడు.

"వద్దన్నయ్యా, నేను చెప్తా." ఆవిడ మేనేజరమ్మ ఎదుటికి వెళ్లి నిలబడింది. "గుడ్డలో లోపం లేదండీ. వెల్వెట్ నూగు ఒకవైపే వాలుతుంది, ఎదురు తిప్పి వేస్తే వెలుగులో రంగు తేడాగా కనిపిస్తుంది. గుడ్డ కలిసొస్తుందని నేనే కొన్ని ముక్కలు తిరగేసి కత్తిరించాను. తప్పు నాది. అవి విప్పి, కాస్త సరిచేసి, కుర్చీల వీపు వెనక వేస్తాను. అక్కడ అన్నీ ఒకేవైపు వాలేలా వేస్తే తేడా తెలీదు. సీట్లకి కొత్తవి కోస్తాను."

"నాటకం రోజుకి కాకపోతే? జనాన్ని నేల మీద కూర్చోమని ఎవరు చెప్పాలి?"

"నేనే గుమ్మంలో నిలబడి చెప్తానండీ."

మేనేజరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆ అవసరం రానివ్వకండి, తల్లీ."

ఇక చూడాలి ఆవిడ జోరు. ముక్క ముక్క వెనకా సుద్దతో బాణం గుర్తు గీసింది. అన్న పిన్నులు పీకుతూ, "ఇది ఎటు తిప్పి పెట్టనే?" అని మాటిమాటికీ అడుగుతుంటే, మిషను మీంచి తల ఎత్తకుండానే చెప్పేది. చేతులు నొప్పెట్టినా ఒంట్లో అలసటన్నది లేదు. తప్పు తనదని ఒప్పుకున్నాక దాన్ని దిద్దే దారీ తన చేతిలోనే ఉందని తెలిసొచ్చింది.

నాటకం రోజు సాయంత్రం ఆవిడ గోడ వారగా నిలబడి చూసింది. జనం వస్తున్నారు, కూర్చుంటున్నారు. ఒక పెద్దావిడ సీటు మీద అరచేత్తో నిమిరి, పక్కనున్న మనవరాలి చెయ్యి పట్టుకుని నిమిరించింది. చెల్లెలు కొంగుతో నోరు మూసుకుని నవ్వుకుంది.

వారం తిరక్కుండానే అన్నతో అంది: "వెనక గది ఖాళీ చేసివ్వు అన్నయ్యా. సోఫాలు, హాలు కుర్చీలు నేను విడిగా చేసుకుంటా."

"నష్టమొస్తే?"

"వచ్చినా నాదే."

"అయితే బోర్డు కూడా నువ్వే పెట్టుకో. నా దానిమీద చోటు లేదు," అన్నాడాయన, నవ్వు దాచుకుంటూ.

అప్పటికే ఆవిడ స్టూలెక్కి గుమ్మం పైభాగం కొలుస్తోంది.