పూజలో పెట్టిన బ్యాకప్

చూలై పేటలో మాది చెప్పుల పని. షోకు చెప్పులు కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకీ, షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకీ కొలత తీసి చేసిచ్చేవి. మా పెదనాయన మొదలుపెట్టాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఆయన పుస్తకాల్లో రాసుకున్న కొలతలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. ఎక్కించాక, చెదలు పట్టిన ఆ పుస్తకాల్ని పాత కాగితాలవాడికి వేసేసిందీ నేనే. ప్రతి శనివారం అంతా ఒక చిన్న హార్డ్ డిస్కులోకి కాపీ చేసి బీరువా పై అరలో పెట్టేదాన్ని. నా అంత జాగ్రత్త గల మనిషి ఆ వీధిలోనే లేదని నాకు గర్వం కూడా.

ఆ ఏడు ఆయుధ పూజకి ఎప్పటిలాగే అంగడంతా కడిగి సుత్తులకీ, కత్తులకీ, కుట్టు మిషనుకీ గంధం, కుంకుమ పెట్టాం. కంప్యూటర్ని బల్ల మీంచి దించి అమ్మవారి పటం ముందు ముగ్గులో పెట్టాం. పెదనాయన ఒకసారి అన్నీ చూసుకుని, "బీరువాలో ఉండే ఆ డబ్బా యాడ మే? అదీ పనిముట్టే గదా" అన్నాడు. నిజమే అనిపించింది. హార్డ్ డిస్కు తెచ్చి కంప్యూటర్ పక్కనే పెట్టి, దానికీ ఒక బొట్టు పెట్టాను. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు విజయదశమి హారతి అయ్యేదాకా మా ఇంట్లో ఎవరూ కదపరు. అలాగే వదిలేసి తాళం వేసుకుని వెళ్లిపోయాం.

రాత్రంతా వాన. పొద్దున వీధిలో మోకాలి లోతు నీళ్లు, షట్టరు ఎత్తితే లోపలా అంతే. కంప్యూటర్ పక్కకి ఒరిగిపోయి ఉంది. డిస్కు కోసం ఆ మురికి నీళ్లలో చెయ్యి పెట్టి తడుముకున్నాను. రిపేరు చేసే ఆయన రెండూ వారం రోజులు ఉంచుకుని, ఏమీ రాదని చెప్పేశాడు. "ఇంకో కాపీ వేరే చోట పెట్టలేదామ్మా?" అని అడిగాడు. తల కొట్టేసినట్టయింది.

పెదనాయన మీద ఒళ్లు మండింది. నాలుగు మాటలు అనేద్దామని నోరు తెరిచాను కూడా. కానీ బొట్టు పెట్టిన చెయ్యి నాదే. ఆయన మాత్రం తాపీగా, "అందర్నీ రమ్మను. మళ్లీ కొలస్తాం" అన్నాడు.

పాదం కొలవడం ఎంతసేపు? మా పనిలో విలువంతా పాత కొలతలది. రాయపురంలో చేపలమ్మే ఒక అక్క ఉంది. ఆమె ఎడమ కాలు రెండంగుళాలకి పైగా పొట్టి. ఆ ఎత్తంతా చెప్పు అడుగున ఒక్కసారే వేస్తే నడుం పట్టేస్తుంది. అందుకే పదేళ్లుగా ఏటా కాస్త కాస్త పెంచుతూ, నొప్పి వస్తే తగ్గిస్తూ, అంతా రాసుకుంటూ వచ్చాం. ఆమెకి కొత్త చెప్పులు చెయ్యాల్సిన నెల అదే. తెల్లారక ముందే హార్బరులో నిలబడే మనిషి. నేను ఎత్తు తప్పు వేస్తే ఆమె మంచాన పడుతుంది, బుట్ట ఎత్తేవాళ్లుండరు.

ఆమె కాళ్లకున్న జత ఉప్పునీళ్లలో నాని అణిగిపోయింది, దాన్ని కొలిచి లాభం లేదు. గుర్తున్నంతలో ఒక జత చేశాను. నాలుగడుగులు వేసి విప్పేసింది. "ఇది నాది కాదు పాపా. నడుములో పొడస్తా ఉండాది" అంది. ఇంకో జత చేశాను. అదీ విప్పేసింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఈమె చెప్పులు సరిగ్గా కుదిరేదాకా ఇంకొకరి పని ముట్టుకోనని పెదనాయనకి చెప్పేశాను.

అప్పుడు అడిగింది ఆమె: "చర్చికి ఏసుకునేటివి తెచ్చేదా?"

ఏటా రెండు జతలు చేస్తాం ఆమెకి, ఒకటి హార్బరుకి, ఒకటి ఆదివారానికి. ఆదివారం జతలు అరగవు. అరగనివాటిని ఎందుకు పారేస్తామని ఆమె ఒక్కటీ పారేయలేదట. మర్నాడు గోనెసంచి నిండా తెచ్చి నేల మీద పోసింది. పెదనాయనా నేనూ కూర్చుని ఏ ఏడుది ఏదో కుట్టు చూసి పోల్చుకుని, వరసగా పేర్చాం. పెంచిన చోటా తగ్గించిన చోటా అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. వాటిని బట్టి చేసిన మూడో జత వేసుకుని ఆమె వీధి చివరిదాకా నడిచి వెనక్కొచ్చింది. "ఇది నాది" అంది.

ఆ సాయంత్రమే సెల్లులో నంబరున్న ప్రతివాళ్లకీ ఫోన్ చేశాను, ఇంట్లో పాత చెప్పులుంటే తెమ్మని. కొందరు పారేశారు. వాళ్లకి మొదట్నుంచి మొదలుపెట్టాను, తప్పలేదు. మిగతావాళ్లవి రోజుకి ముగ్గురు నలుగురి చొప్పున కొలిచి ఎక్కించాను. ఇప్పుడు ఒక కాపీ అంగడిలో, ఒకటి మా ఇంట్లో, ఒకటి ఇంటర్నెట్‌లో ఉన్నాయి.

మూడో జత కుదిరిన రోజు ఆమె వెళ్లబోతుంటే, "ఈ పాత జతలన్నీ ఈడనే పెట్టిపో అక్కా, భద్రంగా చూసుకుంటా" అన్నాను.

ఆమె ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుంది. "కొలుచుకో, ఫోటో తీసుకో, నీ ఇష్టం. చెప్పులు మాత్రం నా కాడనే ఉంటాయి. మీ అంగడి పల్లంలో ఉండాది పాపా. మేముండేది పైన మూడో మాడిలో."