ఒంటిచేతి మిరపకోత

బదిలీ మీద మా బడికొచ్చిన ఆ ఇంగ్లీషు టీచరమ్మంటే నాకు కడుపుమంటగా ఉండేది. నేను నా క్లాసులో బోర్డు నిండా ఇంగ్లీషు గ్రామరు రాస్తే పిల్లలు ఆవులించేవారు. పక్క గదిలో ఆవిడ నోరు మెదపకుండా ఏదో పని చేస్తున్నట్టు నటిస్తే, అదేమిటో ఇంగ్లీషులో చెప్పడానికి ఎగబడేవారు.

ఒకరోజు కిటికీలోంచి చూశాను. ఒంగి, ఒంటిచేత్తో గాలిలో ఏదో తుంచుతోంది. ఎవరికీ తెలియలేదు. "మిరపకాయలు కోస్తున్నానర్రా!" అంది చివరికి.

"ఒంటిచేత్తోనా మేడమ్? పొద్దుగూకినా సాలు తెమలదు!" అంటూ ఒక పిల్ల లేచి రెండు చేతులతో కోసి చూపించింది. ఆవిడ నవ్వేసి, ఆ పిల్ల పక్కనే ఒంగి నేర్చుకుంది. ఈసారి క్లాసంతా ఇంగ్లీషులో జవాబు అరిచింది.

చదువుకునే రోజుల్లో అమ్మతో మిరపకోత కూలికి వెళ్లినవాణ్ని. ఆ సంగతి ఈ బడిలో ఎవరికీ చెప్పలేదు. నా రెండు చేతులూ వాటంతటవే కదలబోతే, గబుక్కున జేబుల్లో దోపుకున్నాను.