కాకి ముట్టాల్సిన చేప

జగిత్యాల వెళ్లే బస్సుల్లో కిటికీ అద్దాలు ఎండకు తెరుచుకోవు, వానకు మూసుకోవు. ఆ రోజు నా అద్దం మూసుకోక, గాలిహోరులో ఫోన్లో అరవాల్సి వచ్చింది. సముద్రతీరం నుంచి అప్పుడే తిరిగొచ్చిన వాణ్ని. ఒడ్డున ఏరుకున్న ఆల్చిప్పల కూర, వలలోంచి నేరుగా పెనం మీదికొచ్చిన చేపలు, అన్నీ మిత్రుడికి వర్ణించి, "మన గోదారి చాపలు గూడ చాపలేనారా?" అని తీర్పిచ్చేశాను.

వెల్గటూరులో ఎక్కి నా పక్కన కూర్చున్నామె ఒళ్లో స్టీలు డబ్బా ఉంది.

"సముద్రం చాప గంత రుచుంటదా, సారూ?"

"అడగకు అక్కా, మస్తుంటయ్."

"మా తమ్ముడు దుబాయ్‌ల ఒడ్డుకువోయి పట్టుకొచ్చి వండుకుంటుండె. నీ చేతి గోదారి చాప రుచి రాదక్కా అంటుండె ఫోన్ల. మొన్న ఆడనే పానం వోయింది. పెట్టెల తెచ్చిన్రు. మూడొద్దుల నాడు పిట్టకు పెడితె కాకి ముట్టలే."

పోయినవారే కాకిగా వస్తారని, ఇష్టమైనది పెట్టేదాకా ముట్టరని మా వైపు నమ్మకం. ఆ ఇష్టమైనదే డబ్బాలో, జగిత్యాల మీదుగా తమ్ముడి ఊరు కోరుట్లకు పోతోంది.

నేను మళ్లీ కిటికీ అద్దంతో కుస్తీకి దిగాను. ఆమె డబ్బా మూత గట్టిగా నొక్కింది.

"నన్ను సంబురపెట్టనీకి గట్లన్నడేమో. గంత మంచియి తిన్నోడు గీ గోదారి చాపలకెందుకస్తడు, సారూ?"