మా అమ్మ పట్టుకున్న రెండొందల దొంగ

ఆ రోజుల్లో డబ్బు నడిచి వచ్చేది. ఇప్పుడు మా షాపులో జాకెట్టు కుట్టించుకున్న పిల్లలు ఫోను ఇలా ఎత్తి అలా దించుతారు, కుట్టుకూలి పడిందని గోడ పక్కనున్న డబ్బా వీధంతా వినబడేలా అరుస్తుంది. మధ్యలో ఎవరెంత పుచ్చుకున్నారని అడిగేవాళ్లు లేరు. నేను మాత్రం అడిగేదాన్ని. అది మా అమ్మ గంప నేర్పిన జబ్బు. అమ్మది చేపల వ్యాపారం. తీరంలో వేలంపాటలో కొన్న పది చేపలు శ్రీకాకుళం బజారు చేరేసరికి ఏడో ఎనిమిదో అయ్యేవి. పాట పెట్టినవాడికొకటి, ఐసుకొకటి, ఆటోకొకటి పోయేవి (నిజంగా చేపలే పంచిపెట్టేదని కాదు, ఖర్చు ఎంతయిందో అమ్మ చేపల్లోనే చెప్పేది). సాయంత్రం ఇంటికి రాగానే "ఈ రోజు దారిలో ఎన్ని పోనాయమ్మా?" అని నేనడగడం, ఆవిడ చెప్పిన ఖర్చులన్నీ నోటితోనే కూడి నేను జవాబు చెప్పడం మా ఇద్దరికీ ఆట. పదో తరగతి తప్పాను గానీ అది హిందీలో, లెక్కల్లో కాదు. ఊళ్లో నా పేరు 'లెక్కల గుంట' (మా వైపు ఆడపిల్లని గుంట అంటారు).

ఆ లెక్కల గుంట ఇరవై ఆరేళ్ల వయసులో మారిషస్ వెళ్లింది. విశాఖ దగ్గర బట్టల కంపెనీలో నాలుగేళ్లు మిషను తొక్కాక, అక్కడ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మూడేళ్ల కాంట్రాక్టు దొరికింది. దిగీ దిగగానే నన్ను ఆకట్టుకున్నది సముద్రం కాదు (సముద్రం మా పెరట్లోనే ఉండేది), అక్కడి డబ్బు. అక్కడా రూపాయే! పేరు మనదే గానీ బరువు వేరు. నేను వెళ్లిన రోజుల్లో వాళ్ల రూపాయి ఒకటికి మనవి రూపాయీ ఎనభై పైసలు. టీ తాగినా, సబ్బు కొన్నా, ఒకటీ ఎనభైతో హెచ్చవేస్తేగాని నాకు మింగుడుపడేది కాదు. మొదటి నెల జీతం రెండో నెల చివర ఇస్తామన్నారు. చేతిలో ఉన్నది సబ్బులకీ బస్సులకీ సరిపోతుంది. మిగిలిన నా నాలుగేళ్ల సంపాదనా శ్రీకాకుళంలో, అమ్మ పేరూ నా పేరూ కలిపి రాయించిన బ్యాంకు ఖాతాలో ఉంది. కార్డు నా దగ్గర, పాసుపుస్తకం అమ్మ దగ్గర. బ్యాంకువాళ్లు ఫోన్ నంబరు అడిగితే అమ్మదే ఇచ్చాం. ఇంటికంతటికీ ఉన్న ఫోను అదొక్కటే మరి.

అంతా బాగానే ఉండేది, బొబ్బిలి అక్క నా కళ్లద్దాల మీద కూర్చోకపోతే. హాస్టలు గదిలో నా పక్క మంచం ఆవిడది. బొబ్బిలి కోడలు, అప్పటికే రెండేళ్లుగా అక్కడ పనిచేస్తోంది, మనిషి భారీ, నవ్వు ఇంకా భారీ. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, హమ్మయ్య అంటూ నా మంచం మీద కూలబడింది. కింద నుంచి పటుక్కుమంది.

"ఓలమ్మో! ఏటే అది?" అంది లేవకుండానే.

"నా కళ్లు, అక్కా" అన్నాను.

నాకు చిన్నప్పటి నుంచీ దగ్గరివి మసక. అద్దాలు లేకపోతే నల్లగుడ్డ మీద నల్లదారం కనబడదు. సరిగ్గా వచ్చే శనివారం కాలర్లు కుట్టే లైనుకి పరీక్ష పెడతామని సూపర్‌వైజరు చెప్పి ఉన్నాడు. నెగ్గితే మిషను మీద, తప్పితే మూడేళ్లూ ప్యాకింగులో. ప్యాకింగులో జీతం తక్కువ, పైగా చొక్కాలకి గుండుసూదులు గుచ్చడానికి నేను సముద్రం దాటి రాలేదు. కొత్త అద్దాలకి షాపువాడు రెండువేల నాలుగు వందలు చెప్పాడు, వాళ్ల రూపాయల్లో. సోమవారానికల్లా డబ్బు కడితే శుక్రవారానికి ఇస్తానన్నాడు.

"నాను కొంటానే. కూకున్నది నానే కదా" అంది అక్క.

"వద్దక్కా. నా డబ్బు నాకుంది" అన్నాను. అప్పుచేప రెండుసార్లు కంపుకొడుతుందనేది మా అమ్మ, వండినప్పుడొకసారి, తీర్చేటప్పుడొకసారి. ఆ మాట నా ఎముకల్లో ఉంది. దానికి తోడు (ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తోంది) నా డబ్బు శ్రీకాకుళం నుంచి నా చేతికొచ్చేలోగా దారిలో ఎన్ని చేపలు పోతాయో చూడాలన్న కుతూహలం నన్ను నిలవనివ్వడం లేదు.

బయల్దేరే ముందే మా బ్యాంకు గుమాస్తాని అరగంట కూర్చోబెట్టి అన్నీ అడిగి పెట్టుకున్నాను. బయటి దేశంలో డబ్బు మిషను (ఏటీఎం) నుంచి తీస్తే ప్రతిసారీ నూట పాతిక. మార్పిడికి నూటికి మూడున్నర. నిల్వ ఎంతుందో చూస్తే, ఉత్తినే చూసినందుకు, పాతిక. హాస్టలు ఎదుటి మిషనైతే వీటికి తోడు తనకి వంద పుచ్చుకుంటుంది, అది మన లెక్కలో నూట ఎనభై. నాకు కావలసినది మన డబ్బుల్లో నాలుగువేల మూడువందల ఇరవై. అన్నీ కలిపితే ఖర్చు నాలుగువందల యాభై ఆరు. అంటే పది చేపలకి ఒకటి పైచిలుకు! నా లంగా అంచులో కుట్టుకుని తెచ్చిన వెయ్యి రూపాయల నోటుంది గానీ, దాన్ని మార్చే కౌంటరువాడు చెప్పిన రేటు వింటే మళ్లీ కుట్టేసుకోవడమే మేలనిపించింది. ఇంటి నుంచి పంపించమందామంటే మావ (అమ్మ తమ్ముడు) పని మానుకుని ఆ కాగితాలూ ఈ కాగితాలూ పట్టుకుని విశాఖ దాకా తిరగాలి. చివరికి కనిపెట్టాను: టౌన్లో ఒక బ్యాంకు మిషను తనకంటూ ఏమీ పుచ్చుకోదట. బస్సుకి రానూ పోనూ అరవై, మన లెక్కలో నూట ఎనిమిది. అక్కడికి వెళ్తే డెబ్బై రెండు రూపాయలు మిగులుతుంది!

"డెబ్బై రెండు రూపాయలకి ఆదివారం తినేస్తావేటే?" అంది అక్క. "నీ లెక్క తెమిలేసరికి ఈళ్లు సొక్కాలు తొడగడం మానేస్తారు."

అలా అంటూనే నాతో బయల్దేరింది. ఎందుకంటే అద్దాలు లేకుండా మిషను మీది అక్షరాలు నాకు కనబడవు. సగం దారిలో, కండక్టరు టిక్కెట్లు చింపుతుంటే, నా లెక్కలో తప్పు దొరికింది. ఇద్దరికి బస్సంటే వాళ్లవి నూట ఇరవై, మనవి రెండువందల పదహారు. ఎదుటి మిషనులోనే తీసుంటే ముప్పై ఆరు రూపాయలు తక్కువయ్యేది! ఈ సంగతి అక్కకి చెప్పలేదు. కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను.

మిషను ముందు నేను మీటలు నొక్కాలి, అక్క చదవాలి. ముందు నిల్వ చూద్దామన్నాను.

"నీ డబ్బెంతో నీకు తెల్దేటి?"

"తెలుసు. మిషనుకి తెలుసో లేదో సూద్దామని."

పాతిక పోయింది. నిల్వ పైసాతో సహా నేను చెప్పినంతే ఉంది. అక్క నా వైపు చూసిన చూపు మసగ్గా ఉన్నా అర్థమైంది. తర్వాత రెండువేల నాలుగు వందలు కొట్టాం. మిషను ఏదో అడిగింది.

"ఇండియా రూపాయల్లో లెక్క కట్టమంటావా, ఈళ్ల రూపాయల్లో కట్టమంటావా అంటన్నాది."

"మన రూపాయల్లోనే కట్టమను. లెక్క కళ్లెదురుగా ఉంటాది."

అక్క తనే మీట నొక్కి, తెర మీది అంకెలు చదివింది. "నాలుగువేల ఏడువందల నాలుగు" అంది. నేను ఎగిరిపడ్డాను. ఎలా? నాలుగువేల మూడువందల ఇరవై కదా! "రేటెంత రాసుంది, రేటు సదువు!" "ఒకటీ తొంభై ఆరు." "ఎర్రది నొక్కక్కా, ఎర్రది!" కార్డు బయటికొచ్చేసింది. మా వెనకాల నిలబడ్డ పెద్దమనిషి మమ్మల్ని దొంగలనుకున్నాడో, ఏదో గొడవలో ఉన్నామనుకున్నాడో, రెండడుగులు వెనక్కి జరిగాడు. నాకేమో ఒళ్లు పులకరించింది. ఈ దారిలో నేను ఎరగని వేలంపాటగాడు ఒకడున్నాడు! ఇంటి భాషలో పలకరించి, లెక్క నేను చూసుకుంటాలే అని చెప్పి, మూడువందల ఎనభై నాలుగు రూపాయలు గంపలోంచి తీసుకునేవాడు. మరి వాళ్ల రూపాయల్లోనే కట్టమంటే మన బ్యాంకు నిజంగా మూడున్నరే తీసుకుంటుందా? చూడకుండా రెండువేల నాలుగు వందలు ఎలా తీయను? ముందు రెండు వందలు తీసి చూద్దాం, ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఫోనుకొచ్చిన మెసేజి మావ చదివిపెడతాడు, ఎంత పోయిందో తేలుతుంది, అప్పుడు మిగతాది.

"రెండొందలకి నూట పాతిక కడతావా?" అంది అక్క నమ్మలేక.

"తెలుసుకోడానికక్కా" అన్నాను. జీవితంలో లెక్కతప్పి నేను చేసిన ఖర్చు అదొక్కటే.

రెండు వందల నోటు వచ్చింది. మెసేజి ఇంటికి చేరేలోగా అని రోడ్డు పక్క బండి దగ్గర పప్పుపూరీలు తిన్నాం. తర్వాత అక్క ఫోను కార్డుతో బూత్ నుంచి ఇంటికి చేశాను. ఒక్క రింగుకే అమ్మ ఎత్తింది.

"ఒలే గుంటా! నువ్వేటే? కంగారు పడకు, దొంగని పట్టేసినాం!"

"ఏ దొంగమ్మా?"

"నీ డబ్బు ఎవుడో లాగేస్తన్నాడే! ఇందాక మెసేజొచ్చినాది. మీ మావ ఆదివారమని సేపలకూర తినడానికొచ్చినాడు, ఆడే సదివినాడు. మూడొందల డెబ్బై రెండు తీసినాడట. ఎనకాలే ఇంకోటి, నూట పాతిక కర్సట. మీ మావేటో, 'అక్కా, మేనకోడలే తీసుంటాది' అంటాడు. నానొప్పుకోలేదు. మూడొందలకి నూట పాతిక పారేసే మనిషి నా కూతురెలాగవుతాదిరా, అది తియ్యాలంటే ముందు పది రోజులు లెక్కేసి ఒక్కసారే తీస్తాది, ఇది దొంగెదవ పనే అని ఆడి సేత ఫోన్ సేయించినాను. ఒకటి నొక్కమన్నారు, మూడు నొక్కమన్నారు, తొమ్మిది నొక్కమన్నారు, కూర సల్లారిపోనాది. కార్డు ఆపించేసినాం. ఇక ఆ ఎదవ ఒక్క రూపాయి తియ్యలేడు!"

ఆవిడ గొంతులో ఎంత సంతోషం! "కొత్త కార్డు పోస్టులో ఇంటికొస్తాదట, పది పదిహేను రోజులు. నీకు తొందరేం లేదు కదా?" అంది.

"అమ్మా," అన్నాను నెమ్మదిగా, "ఆ దొంగ నానే. ఇక్కడి రూపాయల్లో రెండొందలు తీసినాను."

అవతల అమ్మ ఆ అంకెలు మళ్లీ కూడుకోవడం వినబడింది (నిమిషానికి ఎంతో నాకు తెలుసు, అయినా తొందరపెట్టలేదు). ఆఖరికి అమ్మ అంది: "రెండొందలా? నీకు ఒంట్లో బాగుందా?"

తిరుగుబస్సులో కళ్లమ్మట నీళ్లు కారాయి. ప్యాకింగు సెక్షనూ, గుండుసూదులూ కళ్లకి కట్టాయి (అవి మాత్రం మసక లేకుండా కనబడ్డాయి). అక్క నా మోచేతి మీద ఒకటి పొడిచింది.

"ఒసే, ఏడుపు ఆపి నా మాటిను. నెలనెలా నాను బొబ్బిలి పంపుతాను కదా, ఈ నెల ఇంకా పంపలేదు. ఆ డబ్బులోంచి రెండువేల నాలుగొందలు నీకిచ్చేస్తాను. మీ అమ్మ ఎల్లి మా అత్తకి మన రూపాయలు ఇచ్చేస్తాది. ఇది అప్పు కాదు కదా?"

ఆలోచించాను. అప్పు కాదు. మిషను లేదు, బ్యాంకు లేదు, మూడున్నర లేదు, పాటగాడు లేడు. పదికి పది చేపలు! (అది సరైన పద్ధతి కాదని తర్వాత ఎవరో చెప్పారు, ఇప్పుడెవరికీ చెప్పను.) ఇన్నాళ్లూ నేను ఊరంతా తిరిగి వెతికిన దారి నా పక్క మంచం మీద గురకపెడుతోందన్నమాట.

"రేటు ఒకటీ ఎనభై" అన్నాను.

"రేటేటే నీ మొహం! ఆ అద్దాలు ఇరగ్గొట్టింది నాను" అంది. నేను ఒప్పుకోలేదు. ఒకటీ ఎనభైకే ఖాయం చేశాను.

సోమవారం నేను షాపువాడికి కట్టాను. అదే రోజు అమ్మ బ్యాంకులో తీసుకుని, రాజాం మీదుగా బస్సెక్కి బొబ్బిలి వెళ్లింది. పోనూ రానూ బస్సు ఖర్చు, పోయిన ఒక రోజు బేరం, వట్టి చేతులతో ఎలా వెళ్తానని పట్టుకెళ్లిన రెండు కిలోల ఎండు నెత్తళ్ల చేపలు. పైగా నాలుగువేల మూడువందల ఇరవై కదా ఇవ్వాలి, చిల్లర లెక్క ఏం బాగుంటుందని నాలుగున్నర వేలిచ్చేసింది. అక్క అత్తగారు ఊరుకుంటుందా? ఒక సంచి మినుములూ, బెల్లం దిమ్మా, దారిలో తినమని బూరెలూ కట్టిచ్చింది. ఈ కబురంతా ఫోన్లో విని నేను లెక్కేస్తే, ఆ దేశంలోని మిషన్లన్నిటికంటే ఖరీదైన మిషను మా అమ్మేనని తేలింది.

"దారిలో ఎన్ని పోనాయో తెలుసా అమ్మా?" అన్నాను.

"బూరెలు రెండే పోనాయి. బస్సులో పక్కావిడకిచ్చినాను" అంది.

శుక్రవారం అద్దాలొచ్చాయి. శనివారం నల్లగుడ్డ మీద నల్లదారం నా కంటికి నేషనల్ హైవేలా కనబడింది. కాలరు లైనులో మూడేళ్లూ మిషను మీదే ఉన్నాను. గదిలో మాత్రం అద్దాలు మంచం మీద పెట్టడం మానేశాను. అక్క కూడా కూర్చోబోయే ముందు మంచాన్ని ఒకసారి చేత్తో తడిమేది. ఆ అలవాటు ఆవిడకి ఇప్పటికీ పోలేదు, మా ఇంటికొచ్చినా కుర్చీని తడిమే కూర్చుంటుంది.

అరసవల్లి రోడ్డులో నా టైలరింగ్ షాపుకి ఇప్పుడు బట్టలతో పాటు లెక్కలు కూడా వస్తుంటాయి. సింగపూరు వెళ్తున్నాం, దుబాయ్ వెళ్తున్నాం, ఏ కార్డు పట్టుకెళ్తే మంచిదని పిల్లలు అడుగుతారు. ఏ కార్డుకి తీసినప్పుడల్లా ఎంత, మార్పిడికి నూటికెంత, చిన్న మొత్తాలు మళ్లీ మళ్లీ తీస్తే ఎంత, ఒకేసారి తీస్తే ఎంత, ఓపిగ్గా కట్టి చెబుతాను. మిషను మన రూపాయల్లో చెప్పమంటావా అని తియ్యగా అడిగితే వద్దనమంటాను. ఆఖర్న ఒకటి అడుగుతాను: "ఖాతాకిచ్చిన ఫోన్ నంబరు ఎవరిది?" వాళ్లదేనంటారు. మంచిదే అంటాను.

నా ఖాతాకి మాత్రం ఇప్పటికీ అమ్మ నంబరే ఉంది. మొన్న బజారులో చిల్లర తక్కువై, పక్కనున్న మిషనులో రెండు వందలు తీశాను. నోటు ఇంకా పర్సులో పెట్టుకోలేదు, ఫోను మోగింది.

"ఏటే, నువ్వేనా?"

"నానేనమ్మా."

"రెండొందలేనా?"

"రెండొందలే."

"సరే. నువ్వని సెప్పినావు, లేకపోతే ఆపించేద్దును."

నంబరు మార్చుకోవడానికి ఎంతవుతుందో ఎప్పుడో కనుక్కున్నాను. ఏమీ అవదట, ఉచితమే. అయినా మార్చలేదు.