డైనమో గ్యారంటీ కోసం చక్రధర్‌పూర్ నుంచి జంషెడ్‌పూర్‌కి

ఎనభైల మొదట్లో మేము చక్రధర్‌పూర్‌లో ఉండేవాళ్లం. అప్పుడది బీహారు. మా ఆయన కాంట్రాక్టు పని మానేసి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లోని ఒక పాతకార్ల షెడ్డులో సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. దాన్ని అద్దెకు తిప్పుకుని బతుకుదామన్నది మా ఆలోచన. షెడ్డు యజమాని మిశ్రాజీ అనే పెద్దాయన. తను బాగుచేయించి బిగించిన డైనమోకి మూడు నెలల గ్యారంటీ అని బిల్లు మీదే రాసిచ్చాడు. ఇంజను తిరుగుతున్నంతసేపూ బ్యాటరీని నింపేది ఈ డైనమోయే. గ్యారంటీ ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా అది పోయింది. సరిగ్గా అదే వారం మా ఊళ్లో ఒక డాక్టరుగారు, సాయంత్రాలు పల్లెలు తిరగడానికి మా కారు మాట్లాడుకున్నారు. మాకు దొరికిన మొదటి స్థిరమైన పని అది. డైనమో లేకపోతే రాత్రి లైట్లు వెలగవు, లైట్లు లేని బండి ఆయనకెందుకు? మూడో రోజు సాయంత్రానికి బండి సిద్ధంగా లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటానని మర్యాదగానే చెప్పేశారు.

మధ్యలో ఒక రోజు బ్యాటరీని దుకాణంలో ఛార్జింగ్‌కి పెట్టాం. గ్యారంటీకి ఆఖరి రోజున పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. చైబాసా, సరాయికేలా, ఆదిత్యపూర్ మీదుగా ఖర్కాయి వంతెన దాటితే బిష్టుపూర్. ఆ రోడ్ల మీద మూడున్నర గంటలు పట్టింది. బ్యాటరీలో ఉన్నదాంతోనే చేరుకోవాలి కాబట్టి దారిలో ఇంజను ఆపకూడదు, హారన్ కొట్టకూడదు. ఎడ్లబండి అడ్డొచ్చినప్పుడల్లా మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి "హటో భాయీ!" అని అరిచేవారు. వెనక సీట్లో కూర్చున్న నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చైబాసాలో ఇంజను ఆపకుండానే గ్లాసెడు టీ తాగాం.

సరాయికేలా దాటాక నాకు అయోమయం మొదలైంది. ఎదురొచ్చే ప్రతి లారీకీ బంతిపూల దండ. బస్సుకి రెండువైపులా అరటి పిలకలు. ఆఖరికి ఒక సైకిల్ రిక్షా చక్రానికి కూడా బొట్టు!

"ఏటండీ, ఇన్నేసి పెళ్లిళ్లు? భాద్రపదంలోనా?" అన్నాను.

"ఈల దేశంలో ముహూర్తాలు వేరేమోనే," అన్నారు మా ఆయన. ఆయనకి దేనికైనా ఒక జవాబు ఉంటుంది, అది సరైనదై ఉండాల్సిన అవసరం లేదు.

షెడ్డులో అడుగుపెడితే అక్కడ మైకు సెట్టు మోగిపోతోంది. ఎప్పుడూ నూనె మరకలతో ఉండే నేల కడిగి ఉంది. వాకిట్లో పందిరి, పందిరిలో ఏనుగెక్కిన దేవుడు. ఏనుగు ఉంది కాబట్టి ఇంద్రుడై ఉంటాడని దండం పెట్టుకున్నాను. మిశ్రాజీ సిల్కు జుబ్బాలో ఎదురొచ్చి, మమ్మల్ని చుట్టాల్ని చూసినట్టు చూసి, కారుని లోపలికి పెట్టించాడు. నేను బిల్లు చూపించి నాకొచ్చిన హిందీలో "డైనమో ఖరాబ్, గ్యారంటీ ఆజ్ ఆఖరీ" అన్నాను.

"హో జాయేగా, బహన్‌జీ. పహలే ప్రసాద్," అన్నాడు.

ముందు ప్రసాదం, తర్వాత అవుతుందన్నాడు కదా అని కూర్చున్నాం. నలుగురు మనుషులొచ్చి కారుని కడిగారు. బానెట్ ఎత్తి డైనమో మీద కూడా కుంకుమ పెట్టి, దించేశారు. తర్వాత విస్తరాకుల్లో వేడివేడి ఖిచిడీ వచ్చింది. మళ్లీ అడిగితే "హాఁ హాఁ, హో జాయేగా" అన్నాడు. గంట తర్వాత అడిగినా అదే మాట, అదే నవ్వు. అందరూ ఔనంటున్నారు, ఒక్కరూ చెయ్యి వేయడం లేదు. మధ్యాహ్నం మూడు దాటింది. ఇలా నవ్వుతూ, తినిపిస్తూ సాయంత్రం చేసేస్తే గ్యారంటీ గడువు తీరిపోతుంది, రేపొస్తే మాకు సంబంధం లేదంటాడు. ఇదంతా నాటకమని ఖాయం చేసుకున్నాను. మా ఆయనేమో రెండోసారి ఖిచిడీ పెట్టించుకుంటున్నారు.

"మనల్ని ముంచేత్తన్నారు, మీకు కనిపించదేటి?" అన్నాను.

"నువ్వూరుకోయే. ఆల్ల పండగేదో ఆల్లు చేసుకుంటన్నారు. టమాటా పచ్చడి బాగుంది, తిను."

ఇక పట్టలేకపోయాను. దేవుడి ముందు పళ్లెంలో పానాలు, సుత్తులు, స్క్రూడ్రైవర్లు పూలతో పేర్చి ఉన్నాయి. నేరుగా వెళ్లి చేతికందిన పానా ఒకటి తీసి, "పట్టండి, మనమే ఇప్పుకుందాం," అని మా ఆయన చేతిలో పెట్టబోయాను.

ఎవరో మైకు ఆపేశారు. అందరూ నన్నే చూస్తున్నారు, నేను చేసిన తప్పేమిటో నాకు తెలియదు. అప్పుడు ప్రసాదం బకెట్ మోస్తున్న ఒకతను దాన్ని కింద పెట్టి పరిగెత్తుకొచ్చాడు.

"ఒదినా, ఒగ్గీండి! ఒగ్గీండి!"

ఆ పరాయి చోట, వదిలెయ్యమంటూ మా శ్రీకాకుళం మాట వినేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని పేరు సింహాచలం, ఆ షెడ్డులోనే మెకానిక్కు, బాగ్‌బేరాలో కాపురం. పానా నా చేతిలోంచి మెల్లగా తీసుకుని పళ్లెంలో పెట్టేశాడు.

"ఇయ్యాల విశ్వకర్మ పూజ ఒదినా. మనం దసరాకి చేసుకోమా, ఆయుధపూజ? ఈలకి అది ఇయ్యాల. ఈ టాటా ఊర్లో ఏ షెడ్డులోనూ పనిముట్టు ముట్టరు."

"మరి గ్యారంటీ ఇయ్యాల్టితో ఆకరు నాయనా! రేపు కాదంటే నానేటి చేసేది? ఆ మాటేదో కాగితం మీద రాసిమ్మను."

సింహాచలం మిశ్రాజీకి చెప్పాడు. ఆయన నొచ్చుకున్నట్టు పందిరివైపు చూపించాడు. గుమాస్తా కలం, రబ్బరు స్టాంపు కూడా అక్కడే, బంతిపూల కింద ఉన్నాయి. అవీ పనిముట్లే కదా మరి! రాసివ్వడానికీ లేదు, విప్పడానికీ లేదు. ఇంత పెద్ద ఇనుము ఊళ్లో ఆ రోజు మాకు దొరికేది నోటిమాట ఒక్కటే. దాన్ని నమ్మాలో వద్దో నాకు బోధపడలేదు. వెళ్లిపోదామన్నా బ్యాటరీ ఇంకో మూడున్నర గంటలు మోస్తుందన్న నమ్మకం లేదు. కారు అక్కడే వదిలి, సింహాచలం ఇంటికి బయల్దేరాం. బాగ్‌బేరాకి రిక్షావాడు మూడు రూపాయలడిగితే రెండున్నరకి ఒప్పించాను. సింహాచలం భార్య చేపల పులుసు పెట్టింది. నేను మాత్రం బిల్లు తీసి గడువు తేదీ మళ్లీ చూసుకున్నాను.

మర్నాడు ఎనిమిదింటికల్లా షెడ్డులో ఉన్నాం. మిశ్రాజీ పానా కళ్లకద్దుకుని సింహాచలానికిచ్చాడు. మా బండికి ముందు ఇంకో రెండు బళ్లు నిలబడి ఉన్నా మాదే మొదట తీశారు. పాత డైనమో విప్పి, పక్కన పడేసి, ఇంకొకటి బిగించారు. ఎందుకు పోయింది, ఎవరు పాడుచేశారు, గడువు ఉందా లేదా అన్న మాటే లేదు. నాకది ఇంకా అయోమయంగా ఉంది.

"నిన్నటితో గడువైపోయింది కదా?" అని నేనే అడిగాను, ఊరుకోలేక.

మిశ్రాజీ నావైపు వింతగా చూశాడు. "కల్ హీ తో హాఁ బోలా థా," అన్నాడు. నిన్ననే కదా ఔనన్నాను అని.

సింహాచలం నవ్వాడు. "పూజ తెల్లారి మొదటి బండి మీదే ఒదినా. మన బోణీ లాగన్నమాట. దీనికి లోటు చేత్తే ఏడాదంతా షెడ్డుకి లోటని ఈల నమ్మకం. తాళం కూడా మీరే తిప్పాల."

నేను ఎప్పుడూ స్టీరింగు ముందు కూర్చున్నదాన్ని కాదు. తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. ఎదురుగా ఒక చిన్న ఎర్రదీపం వెలిగింది. సింహాచలం కాలితో కొంచెం నొక్కమన్నాడు, నొక్కాను. దీపం టప్పున ఆరిపోయింది. మా ఇళ్లలో దీపం ఆరిందని నోటితో కూడా అనం, కొండెక్కిందంటాం. "అయ్యో, ఆరిపోనాది!" అని కేకేశాను.

షెడ్డంతా చప్పట్లు కొట్టింది. "ఆరాలనే ఒదినా! డైనమో పనిచేత్తే ఆ దీపం ఆరిపోతాది," అన్నాడు సింహాచలం. స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చేశాను.

ఆ సాయంత్రం డాక్టరుగారు బండెక్కి, చీకట్లో కొంతదూరం పోయాక, "లైట్లు బాగున్నాయే," అన్నారట. ఆ బండి మమ్మల్ని తొమ్మిదేళ్లు పోషించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒకటే అనిపిస్తుంది. ఆ రోజంతా ఆ షెడ్డులో ఒక్క మనిషి కూడా నాతో కాదనలేదు. అడిగిన ప్రతిసారీ ఔననే అన్నారు. నాకే ప్రతిసారీ కాదని వినబడింది.

పాత బండి గ్యారంటీ పట్టుకుని ఆ ఊరు వెళ్లేవాళ్లకి ఒక్క మాట. విశ్వకర్మ పూజ ఏటా సెప్టెంబరు పదిహేడు ప్రాంతంలో వస్తుంది. ఆ రోజు ఖిచిడీకి వెళ్లండి, పనికి మాత్రం మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి నిలబడండి.