మేడ మీది నుంచి వచ్చిన ఫోను

మా పక్కింటావిడను వీధంతా టెలిఫోనక్క అంటుంది. ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయినా ఆ పేరు మాత్రం ఆవిడను వదల్లేదు. ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ముందుగా ఆవిడ గొంతు వినాల్సిన కాలమది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పెద్ద బోర్డు ముందు కూర్చుని, ఈ తీగ లాగి ఆ కన్నంలో గుచ్చి, మనిషిని మనిషితో కలిపేది. పెళ్లి కబుర్లూ పురిటి కబుర్లూ అన్నీ ఆవిడ చేతుల మీదుగానే వెళ్లాయి.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. "ఊరందరికీ లైను కలిపాను గానీ, ఈయనతో మాత్రం ఎప్పుడూ లైన్ డెడ్డే" అని ఆయన ముందే నవ్వేది అక్క. ఆయన కంటికి పెట్టుకున్న అద్దమైనా తీయకుండా తలాడించేవాడు.

మొన్న ఆదివారం, ఊరి మ్యూజియంలో ఆ పాత బోర్డు పెట్టారని తెలిసి, అక్క ఆయన్నీ నన్నూ వెంటబెట్టుకుని బయల్దేరింది. లోపల ముందు గదుల్లో ఉన్న కుండలనూ కత్తులనూ కన్నెత్తి చూడలేదు. తిన్నగా చివరి గదిలోకి నడిచింది.

"ఓసి నా తల్లీ, ఇక్కడున్నావా!" అంటూ బోర్డు అంచు నిమిరింది.

మ్యూజియం మేడమ్ నవ్వి, "కూర్చోండమ్మా, పనిచేస్తుంది. మేడ మీద ఇంకో ఫోను పెట్టాం. మాటలు అందరికీ వినబడేలా స్పీకరు కూడా ఉంది" అంది.

అక్క కూర్చుని హెడ్‌ఫోను తగిలించుకుందో లేదో, బోర్డు మీద బుల్లి దీపం వెలిగింది.

"హలో, ఏ నంబరు కావాలండీ?" ఒక్కసారిగా పడుచుపిల్ల గొంతు వచ్చేసింది ఆవిడకు.

"నంబరు తెలీదండీ. మా ఆవిడ కావాలి" అంది స్పీకరు.

నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. గడియారాలాయన లేడు! ఎప్పుడు మెట్లెక్కాడో ఏమో.

అక్క ముఖం చెవుల దాకా ఎర్రబడింది. "ఆవిడతో ఏం పనండీ?"

"పెళ్లికి ముందు రోజూ రైల్వే స్టేషనుకి ఫోన్ చేసి టైము అడిగేవాణ్ణి, గుర్తుందా?"

"గుర్తు లేకేం! గడియారాల కొట్టు పెట్టుకుని టైమడుగుతాడేంటీ మనిషి అనుకునేదాన్ని."

"టైము కోసం కాదు. లైను కలిపేటప్పుడు మధ్యలో నీ గొంతు వినబడుతుందని."

గదిలో చేరిన జనమంతా గొల్లున నవ్వారు. "అమ్మా, లైను కట్ చేయకండి!" అని ఎవరో అరిచారు.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఎదురుగా ఉంటే మాట రాదోయ్. మధ్యలో తీగ ఉండాలి."

అక్క హెడ్‌ఫోను నా చేతిలో పడేసి, మోకాళ్ల నొప్పుల సంగతే మరచిపోయి మెట్లెక్కింది. వెనకాలే పరుగెత్తాను. ఆయన రిసీవరు చెవికి ఆనించుకునే నిలబడి ఉన్నాడు. ఎదుట భార్యను చూసేసరికి మళ్లీ మాట పడిపోయింది.

తర్వాత ఆయన చేత ఐస్‌క్రీము కొనిపించి, ముగ్గురం మ్యూజియం మెట్ల మీదే కూర్చున్నాం. అక్క తింటూ తింటూ నవ్వుతూ, సగం ఒళ్లోనే ఒలకబోసుకుంది.