దీవిలో ఆఖరి ముల్లంగి మడి

మా మేనత్త అసలు పేరు కాగితాల మీదే ఉండేది. దీవి మొత్తానికీ ఆమె ముల్లంగి అత్త. ఆ ఇసుక నేలలో ఆమెకు పడినంత నున్నటి దుంప మరొకరికి పడేది కాదు. పొద్దు పొడవగానే దుంపలు పీకి, కడిగి, కట్టలు కట్టి, మొదటి పడవలో అవతలి ఒడ్డు బజారుకు చేర్చేది. ఆ ఒడ్డు నుంచి సంబంధాలు వస్తే, అక్కడి నీళ్ళు ఒక్క గుక్క తాగి చూసి వద్దనేసిందని నానమ్మ చెప్పి చెప్పి నవ్వేది. అత్త ఇక పెళ్ళి ఊసే ఎత్తలేదు.

చుట్టూ సముద్రమే అయినా దీవిలో రెండు నిలువులు తవ్వితే తియ్యటి నీళ్ళు పడేవి. నాన్న, అత్త ఒకే బావి మీద రెండెకరాలు సాగు చేసేవారు. తమ్ముడు నీళ్ళు తోడి కాలువలోకి వదిలితే, అక్క పారతో మడికి గండి కొట్టి, నిండగానే పూడ్చేది. "చాలు" అని ఆమె, "ఊఁ" అని ఆయన. అంతకుమించి మాటలుండేవి కావు.

అవతలి ఒడ్డుకు వంతెన కట్టాక భవనాలు లేచాయి. ఒకరి తరవాత ఒకరు పొలాలు అమ్ముకున్నారు. మా పొలం ఇద్దరి పేరా ఉంది. నాన్న సరేనన్నాడు, అత్త ససేమిరా అంది. చివరికి దీవి మొత్తమ్మీద పచ్చగా మిగిలింది మా మళ్ళే. ఆ ఏడే ముల్లంగి ఆకులు అంచుల వెంట మాడడం మొదలైంది. అత్త పురుగనుకుంది, ఎరువు తేడా అనుకుంది. నాన్న చెంబుతో బావి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి చెంబు కింద పెట్టేసింది.

"నువ్వు సంతకం పెట్టకపోతే ఉప్పు ఆగుతుందా అక్కా?" అన్నాడు నాన్న.

చివరికి అత్త అమ్మకానికి ఒప్పుకుంది. సంతకాల రోజున కొనేవాళ్ళ గుమస్తా మాటల్లో అసలు సంగతి బయటపడింది. మా గట్టు పక్కన ఇసుక తవ్వుకోవడానికి ఏడాది కిందటే నాన్న ఒప్పుకున్నాడట; ఆ గోతుల గుండానే ఉప్పునీరు బావిలోకి దిగింది. అత్త కలం కింద పెట్టి తమ్ముడి వంక చూసింది. మళ్ళీ తీసుకుని సంతకం పెట్టింది.

"బావిని చంపి, ఆ తరవాత నన్ను అడిగావురా," అంది.

అంతటితో ఆయనతో మాటలు మానేసింది. పొలం కొన్నవాళ్ళు ఒకే భవనంలో నాన్నకు మూడో అంతస్తులో, ఆమెకు ఆరో అంతస్తులో ఇళ్ళు ఇచ్చారు. లిఫ్టులో ఆయన కనిపిస్తే, అంత మోకాళ్ళ నొప్పితోనూ మెట్లెక్కి పోయేది. కింద తోటలో పనికి కుదిరింది. కూరకు పనికిరాని మొక్కకు నీళ్ళు పోయడం ఇదే మొదలని నాతో అంది.

పదకొండేళ్ళకు నాన్నకు జ్ఞాపకం చెదిరింది. సాయంత్రమయ్యేసరికి మళ్ళకు తడి పెట్టాలని లేచేవాడు. పొలం లేదని నేను చెప్తే చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు. మర్నాడు మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే ఏడుపు. ఆరో అంతస్తుకు వెళ్ళి అత్తకు చెప్పాను. మరుసటి సాయంత్రం వచ్చి ఆయన మంచం పక్కన కూర్చుంది.

"తడి పెట్టావా అక్కా?"

"పెట్టాను. రేపు ఇంకాస్త తోడు, చివరి మడికి అందలేదు."

నాన్న తృప్తిగా పడుకున్నాడు. అప్పటినుంచి రోజూ వచ్చేది. ఒకనాడు ఆయన ఉన్నట్టుండి, "గట్టు పక్కన ఇసుక తవ్వుకుంటామంటున్నారక్కా, ఏం చెప్పమంటావు?" అన్నాడు.

అత్త ఆయన దుప్పటి అంచు సరిచేసింది. "వద్దని చెప్పు," అంది.

"చెప్పేశాను. మన బావి పాడవుతుందన్నాను."

అత్త లేచి వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఎంతకీ బయటికి రాలేదు.

ఆ నెలలోనే నాన్న పోయాడు. అత్త తోట పని మానేసి నా దగ్గరికి వచ్చేసింది. నాన్న అప్పుడు నిజంగానే వద్దని ఉంటే ఏమయ్యేదని ఒకసారి అడిగాను.

"ఇంకొకడు ఒప్పుకునేవాడు, ఉప్పు ఎలాగూ వచ్చేది. అది నాకు ఆ రోజే తెలుసు," అంది.

తెలిసి కూడా పదకొండేళ్ళు ఎందుకు మాట్లాడలేదని అడగడానికి నాకు నోరు రాలేదు.